ముగింపు గీత తరువాతి దూరం: ఇంగ్లిష్‌టౌన్ డ్రాగ్ స్ట్రిప్ ప్రమాదంపై ఒక కేస్ స్టడీ

2008 జూన్ 21, శనివారం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఇంగ్లిష్‌టౌన్ దగ్గరి ఓల్డ్ బ్రిడ్జ్ టౌన్‌షిప్ రేస్‌వే పార్క్‌లో రెండు కార్లు నేరుగా, కొద్ది దూరం పోటీపడే డ్రాగ్ రేసింగ్‌ను నిర్వహించే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) వారి సూపర్‌నేషనల్స్ అర్హత పోటీల చివరి విడత జరుగుతోంది. మామూలు కారు రూపంలో ఉండి నైట్రోమీథేన్ (నైట్రో) ఇంధనంతో నడిచే ఫన్నీ కార్ తరగతిలో స్కాట్ కలిట్టా తన కారును ప్రారంభ గీత మీదికి తెచ్చారు. ఆయనకు 46 ఏళ్లు. 1994, 1995 సంవత్సరాల్లో వరసగా టాప్ ఫ్యూయల్, అంటే అదే ఇంధనంతో నడిచే పొడవాటి డ్రాగ్‌స్టర్ల తరగతి, ఛాంపియన్‌గా నిలిచిన ఆయన, డ్రాగ్ రేసింగ్‌లో దశాబ్దాలుగా పేరున్న కోనీ కలిట్టా కుమారుడు. కారు గంటకు దాదాపు 300 మైళ్ల వేగంతో ముగింపు గీతను సమీపిస్తుండగా ఇంజిన్ పేలి మంటలు లేచాయి. పారాచూట్లు దెబ్బతినడంతో కారును నిలపగలిగినంతగా విచ్చుకోలేదు. కారు ఆగవలసిన దూరమంతా దాటి, చివరనున్న ఇసుక మడిలోంచి దూసుకుపోయి, ఆ అవతల ఉన్న గట్టి వస్తువులను ఢీకొంది. ఆ గాయాలతో స్కాట్ కలిట్టా మరణించారు.

జూలై 2న, అంటే పదకొండు రోజులకు, ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఒక నిర్ణయం ప్రకటించింది. టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ తరగతులు ఇకపై పావు మైలు, అంటే 1,320 అడుగులు కాకుండా 1,000 అడుగులే పరుగెడతాయన్నది ఆ నిర్ణయం. అదే నెల 11న డెన్వర్ దగ్గర మొదలైన పోటీల నుంచి అది అమలయింది. విశ్లేషణ పూర్తయ్యేవరకు తాత్కాలికమని చెప్పిన ఆ ఏర్పాటే ఆ తరువాత స్థిరపడింది.

వాహన ప్రమాదాల విశ్లేషణ, పోటీ ట్రాకుల్లో వాహనాలు అదుపు తప్పినప్పుడు ఆగేందుకు విడిచే స్థలాల రూపకల్పన నా వృత్తి. నా దగ్గరకు శిక్షణకు వచ్చే యువ ఇంజినీర్లకు నేను మొట్టమొదట చెప్పే కేసు ఇదే. ఇందులో ఆసక్తి కలిగించేది పేలుడు కాదు. నైట్రో ఇంజిన్లు పేలడం ఆ క్రీడలో తరచూ జరిగేదే, ఎన్నో పేలుళ్ల నుంచి డ్రైవర్లు క్షేమంగా దిగి నడిచి వెళ్లారు కూడా. కారును ఆపడానికి ఒకదాని వెనుక ఒకటిగా పెట్టిన ఏర్పాట్లన్నీ ఒకే కారణానికి ఒకేసారి లొంగిపోయే అవకాశం ఉండడమే ఈ కేసులో అసలు విషయం. సంఘటన వివరాలు బహిరంగంగా నమోదైనవి, లెక్కలు మాత్రం నేను స్థూలంగా వేసుకున్నవి.

జనం ఎందుకు వస్తారు

ఈ క్రీడ ఆకర్షణను అర్థం చేసుకోకుండా దాని భద్రత గురించి మాట్లాడటం సరికాదని నేను నమ్ముతాను, ఎందుకంటే ప్రేక్షకులు దేనికోసం వస్తున్నారో తెలియని ఇంజినీరు తీసేయకూడని దాన్ని తీసేసి, తీయవలసిన దాన్ని అలాగే వదిలేస్తాడు.

నేను కొన్నేళ్లు న్యూజెర్సీలో, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌లో ఉన్నాను. అక్కడి నుంచి ఇంగ్లిష్‌టౌన్ అరగంట ప్రయాణం. మొదటిసారి నైట్రో కార్లు బయలుదేరినప్పుడు ఆ శబ్దం చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. పక్కనున్న ఇనుప కంచెను పట్టుకుంటే అది చేతిలో వణికింది. రెండే కార్లు, రెండే వరసలు, మధ్యలో క్రిస్మస్ ట్రీ అని పిలిచే దీపస్తంభం, పచ్చ దీపం వెలిగిన నాలుగైదు సెకన్లలో అంతా తేలిపోతుంది. ఎవరు ముందున్నారో చెప్పడానికి వ్యాఖ్యాత అక్కర్లేదు, ఎన్నో చుట్టు నడుస్తోందో లెక్కపెట్టుకోనక్కర్లేదు, క్రికెట్ తెలియని మా అత్తయ్యకు కూడా ఒక్క పరుగు చూడగానే ఆట అర్థమైపోయింది.

ఇంకొక ఆకర్షణ పిట్స్. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పోటీలకు టికెట్ కొన్న ప్రతి ఒక్కరూ జట్లు పనిచేసే చోటికి నడిచి వెళ్లవచ్చు. పరుగు ముగిసి తిరిగివచ్చిన ఇంజిన్‌ను జట్టు సభ్యులు గంటలోపే పూర్తిగా విప్పి, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్లచ్ పలకలు మార్చి, మళ్లీ బిగించి, మన కళ్లముందే ముట్టిస్తారు. నైట్రోమీథేన్ ఆవిరికి కళ్లలో నీళ్లు కారుతాయి, ముక్కు మండుతుంది, అయినా పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని నిలబడ్డ తండ్రులు అక్కడి నుంచి కదలరు. పనిచేసే చేతులను అంత దగ్గరగా చూడనిచ్చే మోటార్ పోటీ నాకు మరొకటి తెలియదు.

ఈ ఆకర్షణల్లో ఏదీ 1,000వ అడుగుకూ 1,320వ అడుగుకూ మధ్యనున్న 97 మీటర్ల మీద ఆధారపడి లేదు. 2008లో దూరం తగ్గించినప్పుడు అభిమానుల్లో చాలామంది బాధపడ్డారు, పావు మైలు అనేది ఆ క్రీడకు పేరుతో సమానం, పాత రికార్డులతో పోల్చుకునే వీలు కూడా పోయింది. ఆ బాధ నిజమైనదే, నేను దాన్ని తేలిక చేయను. కానీ కంచె వణకడం ఆగలేదు, పిట్స్‌లో కళ్లు మండటం ఆగలేదు.

కారు, ఇంధనం, పేలుడు

ఫన్నీ కార్‌లో 500 ఘనపు అంగుళాల, అంటే దాదాపు 8.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఉంటుంది. దానికి పైన గాలిని బలంగా లోపలికి నెట్టే సూపర్‌ఛార్జర్, లోపలికి పోయే ఇంధనంలో అత్యధిక భాగం నైట్రోమీథేన్. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉండటం వల్ల ఒక కిలోకు దాదాపు 1.7 కిలోల గాలి చాలు. అందువల్ల అదే సిలిండర్‌లోకి ఎన్నో రెట్లు ఎక్కువ ఇంధనం పోయవచ్చు. శక్తి రహస్యం అదే, ప్రమాద రహస్యమూ అదే. పరుగు మధ్యకు వచ్చేసరికి స్పార్క్ ప్లగ్గుల కొసలు కాలిపోతాయి, అక్కడి నుంచి మంటను నిలబెట్టేది సిలిండర్‌లోని వేడి, ఒత్తిడి మాత్రమే. ఏదైనా ఒక సిలిండర్ ఆరిపోతే అందులో మండని ఇంధనం ద్రవంగా చేరుతుంది. ద్రవం నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు లోహమే విరగాలి, లేదా పేరుకున్న ఇంధనం ఒక్కసారిగా అంటుకోవాలి. సూపర్‌ఛార్జర్ ఎగిరిపోవడం, క్రాంక్ కేసు పగిలి నూనె మంట అంటుకోవడం ఇలాగే జరుగుతాయి.

ఫన్నీ కార్‌లో ఆ ఇంజిన్ డ్రైవర్ ముందు ఉంటుంది. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. 1970 మార్చిలో కాలిఫోర్నియాలోని లయన్స్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ డ్రాగ్‌స్టర్ ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆయన ఇంజిన్‌ను డ్రైవర్ వెనక్కి మార్చే ఆలోచన చేసి, మరుసటి సంవత్సరం అటువంటి కారుతో గెలిచి చూపించారు. ఆ తరువాత టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్లన్నీ ఆ దారి పట్టాయి. మామూలు కారు రూపాన్ని నిలుపుకోవాలన్న నియమం ఉన్న ఫన్నీ కార్లు మాత్రం ఇంజిన్‌ను ముందే ఉంచుకున్నాయి. కాబట్టి వాటిలో ఇంజిన్ పేలితే మంట, నూనె, లోహపు ముక్కలు గాలివాటానికి డ్రైవర్ మీదుగా వెనక్కి వెళతాయి, పారాచూట్ సంచులు కట్టి ఉండేది సరిగ్గా ఆ వెనుక భాగంలోనే.

ఆపే ఏర్పాట్లు, వాటిని కలిపే దారం

డ్రాగ్ కారును ఆపే మొదటి సాధనం పారాచూట్, రెండవది కార్బన్ బ్రేకులు, మూడవది స్ట్రిప్ చివరి ఇసుక మడి, నాలుగవది దాని వెనుక వల. కాగితం మీద నాలుగు పొరలు. నాలుగూ ఒకేసారి విఫలమయ్యే అవకాశం అతి స్వల్పమని ఎవరైనా అనుకుంటారు. ఒక్కొక్కటీ వందసార్లలో ఒకసారి విఫలమైతే నాలుగూ కలిసి విఫలం కావడానికి పది కోట్లలో ఒక వంతు అవకాశం అన్న లెక్క అక్కడి నుంచే వస్తుంది. ఆ లెక్క ఒకదానితో ఒకటికి సంబంధం లేని వైఫల్యాలకు మాత్రమే చెల్లుతుంది.

ఇక్కడ సంబంధం ఉంది. ఇంజిన్ పేలుడు పారాచూట్లను కాల్చవచ్చు, చింపవచ్చు. అదే పేలుడు నూనెను వెనుక టైర్ల కిందికి పంపితే బ్రేకులకు పట్టు ఉండదు. బాడీ చీలితే కారును నేలకు నొక్కే గాలి ఒత్తిడి తగ్గి పట్టు మరింత పడిపోతుంది. మొదటి రెండూ పనిచేయకపోతే కారు ఇసుక మడికి చేరేసరికి ఆ మడిని ఏ వేగానికి తయారు చేశారో అంతకంటే చాలా ఎక్కువ వేగంతో ఉంటుంది. అంటే ఒకే మూలకారణం మూడు పొరల్లోంచి గుచ్చుకుంటూ పోతుంది. అణు విద్యుత్ కేంద్రాల్లోనూ, విమానాల హైడ్రాలిక్ వ్యవస్థల్లోనూ ఇటువంటిదాన్ని ఉమ్మడి కారణ వైఫల్యం అంటారు, అక్కడ దాని కోసం పైపులను వేరు వేరు దారుల్లో నడుపుతారు. ఇంగ్లిష్‌టౌన్‌లో ఈ గొలుసులోని ప్రతి లంకె ఎంతెంత పాత్ర వహించిందో నేను చెప్పబోవడం లేదు, గొలుసు ఉందన్నదే నా వాదన.

పారాచూట్ పోవడం అంటే ఎంత పోవడమో ఒక లెక్కతో చూద్దాం. గంటకు 300 మైళ్లంటే సెకనుకు 134 మీటర్లు. 1,100 కిలోల కారుకు ఆ వేగంలో ఉండే గతిశక్తి దాదాపు 10 మెగాజౌళ్లు, అంటే పది టన్నుల లారీ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వస్తే ఎంతో అంత. విచ్చుకున్న పారాచూట్లు మొదటి క్షణంలో అయిదు జి (ఒక జి అంటే భూమ్యాకర్షణ త్వరణమంత) వరకు వెనక్కి లాగుతాయనుకుందాం. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేగం సగమయ్యేసరికి ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అయినా కారు వేగం సగం కావడానికి దాదాపు 250 మీటర్లు చాలు. పారాచూట్ లేకుండా బ్రేకులూ బాడీ మీది గాలి నిరోధమూ కలిసి సగటున ఒక జి ఇస్తే, అదే సగం వేగానికి రావడానికి 686 మీటర్లు కావాలి. టైర్ల కింద నూనె ఉండి అది అర జికి పడిపోతే ఆ దూరం రెట్టింపవుతుంది. పారాచూట్ చేసే మేలంతా మొదటి మూడు సెకన్లలోనే ఉంది, ఆ మూడు సెకన్లు పోతే తరువాత ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా తిరిగి రావు.

ఇసుక మడి విషయం

ఇసుక మడి మీద మా వృత్తిలోనే చాలామందికి అతినమ్మకం ఉంది. పెద్ద లారీల కోసం ఘాట్ రోడ్లలో వేసే కంకర మడులను చూసి, అంతటి లారీని ఆపినది ఇంత చిన్న కారును ఆపలేదా అనుకుంటారు. కానీ ఆ మడి పనిచేసేది చక్రం కూరుకుపోవడం వల్ల. చక్రం కూరుకోవడానికి సమయం కావాలి. అతి వేగంతో వచ్చే కారు, అందులోనూ అడుగుభాగం నేలకు చాలా దగ్గరగా ఉండే కారు, ఇసుకలో దిగబడకుండా చెరువు మీద విసిరిన పెంకులా పైపైన తేలిపోతూ ఎగిరెగిరి పోగలదు.

కూరుకుపోతుందనే అనుకున్నా లెక్క అంత సంతృప్తికరంగా ఉండదు. 100 మీటర్ల మడి సగటున ఒక జి ఇస్తుందనుకుంటే అది పూర్తిగా ఆపగలిగేది గంటకు 159 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారును మాత్రమే. గంటకు 216 కిలోమీటర్లతో ప్రవేశించిన కారు అవతలి అంచు దగ్గర ఇంకా 146 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అందుకే ఏ మడినైనా పరిశీలించేటప్పుడు నేను దాని పొడవు, లోతు అడగను, ఏ ప్రవేశ వేగానికి దాన్ని వేశారో అడుగుతాను. విమానాశ్రయాల వాళ్లు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. రన్‌వే చివర వేసే నురగ కాంక్రీటు దిమ్మెల పరుపును విమానం 70 నాట్ల వేగంతో రన్‌వే దాటుతుందన్న ప్రమాణానికి రూపొందిస్తారు. 1999 మే నెలలో న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో రన్‌వే దాటిపోయిన ఒక ప్రయాణికుల విమానాన్ని అటువంటి పరుపే ఆపింది. ఆ విమానాశ్రయం ఇంగ్లిష్‌టౌన్‌కు కారులో గంటన్నర దూరం కూడా లేదు. రెండు రంగాల మధ్య మాత్రం ఆ జ్ఞానం ఆ దూరాన్ని దాటలేదనిపిస్తుంది నాకు.

మడి తరువాత ఏముందన్నది చివరి ప్రశ్న. సర్క్యూట్ రేసింగ్‌లో గోడను కారు ఏటవాలుగా తాకుతుంది, కాబట్టి గోడను మెత్తబరచడం వల్ల లాభం ఉంది. 2002లో ఇండియానాపోలిస్‌లో మొదట అమర్చిన, నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించిన సేఫర్ అడ్డుగోడ ఆ ఆలోచన ఫలితమే. డ్రాగ్ స్ట్రిప్‌లో పక్క గోడలు కారు దారికి సమాంతరంగా ఉంటాయి. సెకనుకు 134 మీటర్ల వేగంతో వెళ్లే కారు అయిదు డిగ్రీల వాలులో గోడను తాకితే గోడవైపు వేగం 12 మీటర్లకు మించదు. అందుకే పక్క గోడలు కాంక్రీటు అయినా డ్రైవర్లు చాలాసార్లు బతికి బయటపడతారు. కానీ చివరన ఎదురయ్యేది ఏదైనా నిలువుగా, నేరుగా, మొత్తం వేగంతో ఎదురవుతుంది. వల స్తంభం కావచ్చు, కాంక్రీటు దిమ్మ కావచ్చు, కెమెరా మోసే క్రేన్ కావచ్చు, పార్క్ చేసిన వాహనం కావచ్చు. అక్కడ అది ఉండటానికి ప్రతిదానికీ ఒక సహేతుకమైన కారణం ఉంటుంది, దాన్ని అక్కడ పెట్టిన మనిషి పొరపాటున కూడా కారు అంతదూరం రాదనుకుంటాడు.

2007లో మరో సంఘటన ఈ క్రీడ దృష్టిని వేరే వైపు లాగిందన్న సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ ఏడాది మార్చిలో గేన్స్‌విల్‌లో పరీక్షా పరుగులో టైరు తీవ్రంగా కంపించి ఫన్నీ కార్ డ్రైవర్ ఎరిక్ మెడ్లెన్ తలకు గాయాలై మరణించారు. ఆయన జట్టు డ్రైవర్ చుట్టూ ఉండే ఉక్కు పంజరాన్ని వెడల్పు చేయడం, మెత్తలు మార్చడం మీద ఎంతో శ్రద్ధగా పనిచేసింది, ఆ పని ఫలితాలు మిగిలిన జట్లకూ అందాయి. అది గొప్ప పని. కానీ పంజరం ఎంత మంచిదైనా దాని చుట్టూ ఆగే దూరం లేకపోతే లోపలి మనిషి మెదడు, గుండె ఆ కొద్ది అంగుళాల్లోనే ఆగాలి.

1,000 అడుగుల నిర్ణయాన్ని ఎలా చూడాలి

నిర్ణయం రెండు రకాల లాభం ఇచ్చింది. ఒకటి, ఆగేందుకు 320 అడుగులు, అంటే 97.5 మీటర్లు అదనంగా దొరికాయి. రెండు, త్వరణం ముందే ఆగడం వల్ల గీత దగ్గర వేగం తగ్గింది. గీత దగ్గర వేగం గంటకు 330 మైళ్ల నుంచి 305కు పడిందనుకుంటే, సగటు ఒక జి బ్రేకింగ్‌తో ఆగే దూరం 1,109 మీటర్ల నుంచి 947కు తగ్గుతుంది. రెండూ కలిపితే 260 మీటర్ల లాభం. పాత స్ట్రిప్‌లను పడగొట్టి పొడిగించనక్కర్లేదు, పక్కనున్న భూమి కొననక్కర్లేదు, పదిరోజుల్లో అమలు చేయవచ్చు. ఒక ప్రమాదం తరువాత తీసుకున్న చర్యల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఎక్కువ ఇచ్చినది అరుదు, ఆ నిర్ణయాన్ని తీసుకున్నవారిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. మొదటగా అమలైన డెన్వర్ స్ట్రిప్ (2023లో మూతపడింది) కొండవాలులో ఉండేది, అక్కడ ఆగే దూరం ఎగువకు ఎక్కేది కాబట్టి భూమ్యాకర్షణ కూడా కారును వెనక్కి లాగేది. సహజంగానే అన్నిటికంటే సురక్షితమైన చోట్లలో ఒకటి అది.

ఆ తరువాతి కథను కూడా చూడాలి. 2005లో పావు మైలు చివర టోనీ షూమాకర్ టాప్ ఫ్యూయల్ కారు గంటకు 337.58 మైళ్లు అందుకుంది. 2017లో సోనోమాలో రాబర్ట్ హైట్ ఫన్నీ కార్ 1,000 అడుగుల చివరే 339.87 మైళ్లు అందుకుంది. తరగతులు వేరైనా పోలిక స్పష్టంగానే ఉంది. గీత దగ్గర వేగం తగ్గడం వల్ల వచ్చిన లాభాన్ని ట్యూనర్లు (ఇంజిన్‌ను వేగం కోసం సవరించే నిపుణులు) తొమ్మిదేళ్లలో పూర్తిగా తిరిగి తీసుకున్నారు, పైన కొంచెం చేర్చారు కూడా. నా లెక్క ప్రకారం ఈ రెండు గరిష్ఠ వేగాల మధ్య ఆగే దూరం 16 మీటర్లు పెరిగింది. 97.5 మీటర్లలో అది పోగా 82 మీటర్లు మాత్రం మిగిలాయి. నేల మీద కొలిచి ఇచ్చిన దూరాన్ని ఎవరూ తీసుకోలేకపోయారు, వేగం రూపంలో ఇచ్చినది నిలబడలేదు. వాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, వేగం కోసం వెతకడమే వాళ్ల పని. నియమం రాసేవాళ్లే ఏ లాభం కరుగుతుందో, ఏది నిలుస్తుందో ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఉమ్మడి కారణాన్ని నేరుగా తాకిన చర్య మరొకటుంది, నా దృష్టిలో దూరం తగ్గింపు కంటే అది లోతైనది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే భాగం) మీది బర్స్ట్ ప్యానెల్, అంటే ఒత్తిడి మితిమీరితే ముందుగా పగిలే పలక, పగిలిందంటే ఇంజిన్ పేలినట్టే. ఆ సంకేతంతో ఇంధనం వెంటనే మూసుకుపోయి పారాచూట్లు వాటంతటవే విడుదలయ్యే పరికరాన్ని ఫన్నీ కార్లకు తప్పనిసరి చేశారు. పేలుడుకూ పారాచూట్ కాలిపోవడానికీ మధ్య ఉండే వ్యవధి సెకనులో కొద్ది భాగమే. మంటల మధ్య, పొగలో, తల అదిరిపోయిన మనిషి చేయి మీట దగ్గరికి చేరడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. పరికరం ఆ పోటీలో గెలుస్తుంది. ఇంధనం ఆపడం వల్ల మంటకు ఆహారమూ తగ్గుతుంది. అంటే మొదటి పొర విఫలమయ్యే కారణమే దాన్ని ముందుగా తెరిచే సంకేతం అయింది.

అంతటితో సమస్య తీరలేదు. 2010లో ఇదే ఇంగ్లిష్‌టౌన్ స్ట్రిప్‌లో టాప్ ఆల్కహాల్ (నైట్రో తరగతులకు ఒక మెట్టు కిందివి) ఫన్నీ కార్ డ్రైవర్ నీల్ పార్కర్, అదే వేసవిలో సియాటిల్ దగ్గరి స్ట్రిప్‌లో టాప్ ఆల్కహాల్ డ్రాగ్‌స్టర్ డ్రైవర్ మార్క్ నైవర్, ఇద్దరూ కారు ఆగక చివరి దాకా వెళ్లి మరణించారు. వాళ్లవి పావు మైలు పరుగెత్తే తరగతులు. ఆ తరువాత ముగింపు గీత దాటిన చోట నేల పక్కన సంకేతాలు పంపే పరికరాలు పెట్టి, ఇంకా ఇంజిన్ ఆపకుండా, పారాచూట్ విడవకుండా వచ్చే కారుకు ఆ రెండు పనులూ తామే చేసేలా ఏర్పాటు చేశారు. డ్రైవర్ స్పృహలో లేకపోయినా అది పనిచేస్తుంది. ఈ ఏర్పాటు 2008లోనే అన్ని తరగతులకూ వచ్చి ఉండవలసిందని నా అభిప్రాయం. ప్రమాదం జరిగిన తరగతికే పరిష్కారం పరిమితం చేయడం మా వృత్తిలో పదేపదే జరిగే తప్పు.

రేస్‌వే పార్క్ 2018 జనవరిలో డ్రాగ్ పోటీలకు స్వస్తి చెప్పింది. స్కాట్ బంధువు డగ్ కలిట్టా, ఎన్నోసార్లు రెండో స్థానంలో ఆగిపోయిన తరువాత, 2023లో టాప్ ఫ్యూయల్ ఛాంపియన్ అయ్యారు.

ఒక ఎయిర్‌స్ట్రిప్ మీద ఇదే లెక్క

కొన్నేళ్ల క్రితం మన దేశంలోనే ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ పోటీ పెట్టాలనుకున్న నిర్వాహకులు నన్ను చూడటానికి పిలిచారు. మనవాళ్లలో ఈ ఆట మీద మోజు ఎంత ఉందో, దానికి తగిన చోటు లేక రాత్రిపూట అవుటర్ రింగ్ రోడ్ల మీద ఏం జరుగుతోందో తెలిసినవాణ్ని కాబట్టి వద్దని చెప్పే ఉద్దేశంతో నేను వెళ్లలేదు. మంచి చోట ఇలాంటి పోటీ జరగాలనే కోరుకుంటాను.

స్ట్రిప్ 1,200 మీటర్లు. బయలుదేరే గీతను 100 మీటర్ల లోపల పెట్టారు. పావు మైలు పరుగు తరువాత 698 మీటర్లు మిగులుతాయి. ఇక్కడ నైట్రో లేదు, అన్నిటికంటే వేగమైన కారు గీత దగ్గర గంటకు 240 కిలోమీటర్లు. దుమ్ము పట్టిన నేల మీద బ్రేకులు అర జి మాత్రమే ఇచ్చినా 453 మీటర్లలో ఆగుతుంది, కాబట్టి చాలునని వాళ్ల లెక్క. నేను బ్రేకులు పూర్తిగా పోయిన సందర్భాన్ని లెక్కపెట్టాను. గాలి నిరోధం, చక్రాల రాపిడి కలిసి 0.15 జి ఇస్తే, స్ట్రిప్ చివర ఆ కారు ఇంకా 176 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. సరిగ్గా ఆ చివర, మధ్య గీత మీద, అగ్నిమాపక అవసరానికని ఒక నీళ్ల ట్యాంకరు నిలబెట్టి ఉంది. దాన్ని అక్కడ పెట్టిన డ్రైవరు నాతో, ‘నీడ ఇక్కడే ఉంది సార్’ అన్నాడు. స్ట్రిప్ చివరి గోడ నీడ అది.

పరుగును 201 మీటర్లకు, అంటే ఎనిమిదో వంతు మైలుకు తగ్గించమన్నాను. అప్పుడు గీత దగ్గర వేగం గంటకు 190 కిలోమీటర్లు, మిగిలే దూరం 899 మీటర్లు, బ్రేకులు అసలు లేకపోయినా చివర వేగం 43 కిలోమీటర్లు. పావు మైలు లేని డ్రాగ్ పోటీకి ఎవరొస్తారని రెండు రోజులు వాదించారు. ఇంగ్లిష్‌టౌన్ కేసు కాగితాలన్నీ బల్ల మీద పరిచి, 1,000 అడుగుల తరువాత కూడా అక్కడి స్టాండ్లు నిండిన సంగతి చెప్పాను. మూడో రోజు ఒప్పుకున్నారు.

పోటీ రోజున జనం బాగానే వచ్చారు. ఏ కారుకూ బ్రేకులు పోలేదు, కాబట్టి నా లెక్క సరైనదా కాదా అన్నది ఆ రోజు స్ట్రిప్ మీద తేలలేదు. నీళ్ల ట్యాంకరు మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా మధ్య గీతకు 60 మీటర్ల అవతల, పక్కనున్న వేపచెట్టు కింద నిలబడి ఉంది.